కొట్టేసిన చివరి పేరా

మార్కులు చూసి సీటిచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్ళు మార్కుల జాబితా తీసుకుని పక్కన పెట్టి, "సరే, ఇంతకీ నువ్వెవరు? నీ మాటల్లో రాసి పంపు" అంటున్నారు. యాభై దాటినవాళ్ళే తామెవరో తెలియక తల గోక్కుంటుంటే, ఇరవై యేళ్ళ పిల్ల ఏం రాస్తుంది? అయినా రాయాలి. ఇంగ్లీషులో రాయాలి. వందల మంది రాతలు చదివి విసిగిపోయినవాడు కూడా ఒక్క క్షణం ఆగిపోయేలా రాయాలి. ఆ రాత మోజులో పడి పోలిరాజు కూతురు ఆశ, బతికున్న తండ్రిని చంపేసుకుంది.

వాళ్ళది విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కి కూతవేటు దూరంలో రెండు గదుల ఇల్లు. పోలిరాజు ఫైబర్ బోటు మీద వేటకెళ్తాడు. తల్లి పోతమ్మ తెల్లారకముందే వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. ఆశ చిన్నప్పటినుంచీ తల్లితో వేలానికి వెళ్ళి, అటునుంచి అటే చదువుకి పోయేది. బస్సులో పక్కసీటు పిల్ల ముక్కు మూసుకుంటే, "ఏం, మీ ఇంట్లో పులుసు వండుకోరేటి?" అని మొహంమీదే అడిగే రకం. అలాంటి పిల్ల డిగ్రీ అయ్యాక సముద్రం గురించే పెద్ద చదువు చదవాలని పట్టుపట్టింది. ఆ చదువు బాగా చెప్పే విశ్వవిద్యాలయం పడమటి తీరంలో ఉంది. ఎంపికైతే హాస్టలు, భోజనం, ఫీజు అన్నీ వాళ్ళవే. కాకపోతే దేశం మొత్తంమీద తీసుకునేది గుప్పెడు మందిని. అది రాకపోతే ఐసు ప్లాంటులో వచ్చేపోయే దిమ్మల లెక్క రాసుకునే ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఒకసారి ఆ కుర్చీలో కూర్చున్న ఆడపిల్ల మళ్ళీ పుస్తకం పట్టదని ఆశకు బాగా తెలుసు, ఆ వీధిలో అలాంటివాళ్ళను చూస్తూనే పెరిగింది.

ఏం రాయాలన్నది మాత్రం ఆమె వెతుక్కోనక్కర్లేకపోయింది.

ఆశ ఇంటర్ చదువుతుండగా, ఎండలు ముదరకముందు, పోలిరాజు ఇంకో ఇద్దరితో వేటకెళ్ళాడు. బోటు తిరగబడింది. ఆ ఇద్దరినీ వెనక వస్తున్నవాళ్ళు లాగి ఒడ్డుకు చేర్చారు. పోలిరాజు కనబడలేదు. ఆ రోజు గాలి దక్షిణానికి వీచింది కాబట్టి అటే కొట్టుకుపోయి ఉంటాడని పెద్దలు తేల్చారు. వీధిలో ఉన్న బోట్లన్నీ బయల్దేరి దక్షిణమంతా గాలించాయి. రోజులు గడిచాయి, మనిషి లేడు, శవమూ లేదు. చివరికి గడ్డితో మనిషంత బొమ్మ కట్టి, దానికి పోలిరాజు చొక్కా తొడిగి, ఒడ్డున ఇసుకలో దహనం చేశారు. పోతమ్మ గాజులు పగలగొట్టారు. దినం కూడా చేసేశారు.

అదంతా అయిపోయాక ఒక మధ్యాహ్నం ఒడిశా నుంచి ఫోను వచ్చింది. పోలిరాజు! తిరగబడ్డ బోటును కరుచుకుని అతను ఉత్తరానికి కొట్టుకుపోయాడు. పైన గాలి ఒక దిక్కుకు పోతుంటే కింద నీరు ఇంకో దిక్కుకు పోయింది. ఒడిశా బోటువాళ్ళు అతన్ని ఎక్కించుకున్నారు గానీ, తెచ్చుకున్న ఐసుకు సరిపడా చేప పడందే వాళ్ళు ఒడ్డుకు రారు. నడిసముద్రంలో ఫోను అందదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి పోలిరాజు వాళ్ళతో కలిసి వలలు లాగుతూ ఉండిపోయాడు. ఇక్కడ తన చొక్కా తగలబడుతోందని అతనికేం తెలుసు!

దినం చేసిన మనిషిని గుమ్మంలోంచి రానివ్వకూడదంది వీధికి పెద్దదైన గురువమ్మ. ఇంటి వెనక దడి విప్పి లోపలికి తెచ్చారు. పురిటి పిల్లాడికి పోసినట్టు పసుపునీళ్ళు పోశారు. అంతేసి మీసాలున్న మనిషికి ఉగ్గుగిన్నెతో పాలు పట్టారు. మళ్ళీ పేరు పెట్టారు, ఉన్న పేరే. పోతమ్మ మెడలో మళ్ళీ తాళి కట్టించారు. ఏడుస్తూ నవ్వుతూ చేశారు అందరూ. గురువమ్మ మాత్రం నవ్వలేదు.

"ఈడు ఒకపాలి పోయొచ్చినోడు. మళ్ళీ పోనాడన్న మాట ఈ ఇంట్లో పుట్టకూడదు. సముద్రం ఇనీసుకుంటాది," అంది.

పోతమ్మ ఆ మాటను పట్టుకుని వదల్లేదు. కరెంటు పోతే కూడా "పోయింది" అనదు, "లైట్లు నిద్దరోనాయి" అంటుంది. వీధివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, ఆ గాజుల చప్పుడు విన్నది వాళ్ళు కాదు.

ఆశ ఇదంతా రాసింది. చివరి పేరాలో తండ్రి తిరిగి వచ్చిన సంగతి రాసి, గాలి ఒకవైపు, నీరు ఒకవైపు ఎందుకు పోయాయో తెలుసుకోవాలన్న పట్టుదల తనకు అక్కడ పుట్టిందని ముగించింది. రాసింది తీసుకుని ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మేడమీదికి వెళ్ళింది. అక్కడ జయశీల మేడమ్ ఉంటారు. ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యాక ఇలాంటి రాతలు సరిదిద్దడమే ఆవిడ పని. ఆవిడ చేయిపడితే సీటు ఖాయమని పిల్లల్లో పేరుంది. ఆవిడ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబితే వెనక బెంచీలవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటారు. తాను ఎంత లోతు కష్టంలో పడిందీ, ప్రభువు ఎలా పైకి లాగిందీ ఆవిడ చెబుతుంటే వినాలి.

జయశీల కాగితం మొత్తం చదివారు. కళ్ళద్దాలు తీసి నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఎర్రపెన్ను తీసి చివరి పేరామీద అడ్డంగా ఒక గీత గీశారు.

"ఇది వద్దు," అన్నారు.

"అదే కదా మేడమ్ అసలు సంగతి! నాన్న ఒచ్చీసినాడు కదా."

"వచ్చాడు, దేవునికి స్తోత్రం. కానీ ఇందులో రాకూడదు. ఇలా చూడు ఆశా. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు గుంటలో పడ్డ సంగతి ముందు చెప్పి, పైకి లాగిన సంగతి ఆఖర్న చెబుతాం. ఎందుకు? లాగినవాడు ప్రభువు కాబట్టి. ఇక్కడ లాగాల్సింది ఎవరు? సీటిచ్చేవాళ్ళు. మీ నాన్నను సముద్రమే తెచ్చి ఇచ్చేస్తే ఇంక వాళ్ళు చేసే మేలేం మిగిలింది? 'అమ్మయ్య, అంతా బాగానే ఉందిగా' అనుకుని నీ కాగితం పక్కన పడేస్తారు."

"అబద్ధం కదా మేడమ్?"

"ఏది అబద్ధం? బోటు తిరగబడలేదా? బొమ్మ కాల్చలేదా? మీ అమ్మ గాజులు పగల్లేదా? ప్రతి ముక్కా నిజమే. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతున్నాం, అంతే."

ఆవిడ మోసగత్తె కాదు. ఎందరో పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని దారి చూపిన మనిషి. చెప్పింది మనసారా నమ్మే చెప్పారు, అక్కడే వచ్చింది చిక్కంతా. పంపడానికి ఆ సాయంత్రమే గడువు. ఆశ బస్సు కాంప్లెక్సులో బెంచీమీద కూర్చుని, ఆ గీత కింద ఉన్న తండ్రిని చాలాసేపు చూసింది. గురువమ్మ మాట గుర్తొచ్చింది. ఐసు ప్లాంటు కుర్చీ కూడా గుర్తొచ్చింది. ఫోనులో చివరి పేరా తీసేసి, పంపేసింది. తెలియక చేసిందని ఆమెను వెనకేసుకు రావడానికి లేదు, అంతా తెలిసే నొక్కింది.

మర్నాటి నుంచి ఆమెకు నిద్ర కరువైంది. సముద్రం మాటలు వింటుందన్న నమ్మకం తనకు లేదని కాలేజీలో గట్టిగా వాదించిన పిల్లే. అయినా తండ్రి వేటకెళ్ళిన రోజు ముద్ద దిగేది కాదు. బోటు వచ్చే వేళకు హార్బరులో జెట్టీ చివర నిలబడి, ఒక్కో బోటు రంగూ చూస్తూ, తమది కనబడేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు.

"ఏటే, మీ నాన్న కొత్తగా ఎల్తన్నాడేటి? అలగ బిగుసుకుపోనావేటి?" అనేది పోతమ్మ.

ఆశ ఏం చెబుతుంది! మరోపక్క పోలిరాజు వలలు కుట్టే చోట కూర్చుని అందరికీ ఒకటే చాటింపు. "మా అమ్మి నా గురించి రాసి పంపింది బావా! ఇంగిలీషులో! పెద్ద పెద్దోళ్ళు సదువుతారంట!" ఆ మాట విన్నప్పుడల్లా కూతురు సిగ్గుతో చచ్చిపోయేది.

కొన్నాళ్ళకు విశ్వవిద్యాలయం నుంచి మెయిల్ వచ్చింది. మొదటి వాక్యం: మీ తండ్రిగారి మరణానికి మా ప్రగాఢ సానుభూతి. రెండో వాక్యం: మీరు తొలి వడపోతలో ఎంపికయ్యారు. ఫోనులో వీడియో ద్వారా మాట్లాడాలి, అదే చివరి మెట్టు. ఆశకు ఎగిరి గంతేయాలనీ అనిపించింది, ఆ ఫోను ఎక్కడైనా దాచేయాలనీ అనిపించింది.

వాళ్ళతో మాట్లాడాల్సిన రోజు పొద్దున్నే జయశీల ఫోన్ చేశారు. "భయపడకు తల్లీ. నాన్నగారి మాటొస్తే తల వంచుకో చాలు. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు, మిగతాది వాళ్ళే అనుకుంటారు," అన్నారు.

పోతమ్మ అప్పటికే తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. పోలిరాజు కూడా వేటలో ఉండాల్సిన రోజే. కానీ గాలి హెచ్చరిక ఉండి బోట్లు కదల్లేదు. ఆశ బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, వెనక గోడమీద బట్టలు తీసేసి వచ్చేసరికి, అతను స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని మూలన పీటమీద కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, నువ్వు హార్బరుకెళ్ళు."

"ఎందుకమ్మీ? నోరిప్పను. ఇక్కడే కూకుంటాను. నా గురించే రాసినావు కదా, ఆళ్ళడిగితే ఫోను ఇలగ తిప్పి సూపించు."

"ఎల్లు నాన్నా!"

ఆ గొంతుకు పోలిరాజు తెల్లబోయాడు. కూతురు ఎప్పుడూ అలా అరవలేదు. దాచి లాభంలేదని ఆశకు అర్థమైంది. ఇంకాసేపట్లో ఫోను మోగుతుంది.

"నువ్వు లేవని రాసినాను."

"యాడికెల్లినానని?"

"ఎక్కడికీ కాదు. బోటు తిరగబడిందని రాసినాను. బొమ్మకి సొక్కా తొడిగి కాల్సీసినారని రాసినాను. అక్కడితో ఆపీసినాను. నువ్వొచ్చింది రాయలేదు."

పోలిరాజు ఉతికిన చొక్కా గుండీలు ఒకసారి తడుముకున్నాడు. కొట్టినా బాగుండునని ఆశ అనుకుంది.

"అలగ రాత్తే సీటిత్తారా?" అని అడిగాడు చివరికి.

"ఇత్తారన్నారు."

"మీ అమ్మకి తెలనీకు," అన్నాడు మెల్లగా. లేచి నిలబడ్డాడు. నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "సచ్చిపోయినోడు మూలన కూకుని దగ్గితే బాగోదు కదా. బయట మెట్టుమీద ఉంటాను. నీ పని కానీ."

తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. అదే క్షణంలో ఫోను మోగింది.

తెరమీద ఇద్దరు. ఒకావిడ, తల నెరిసిన ప్రొఫెసరు. పక్కన సన్నగా, పొడుగ్గా ఒకాయన. ఆవిడ ముందుగా, "మీ నాన్నగారి గురించి చదివి చాలా బాధపడ్డాం," అంది ఇంగ్లీషులో. ఆశ తల వంచుకుంది. అంతే, జయశీల చెప్పినట్టే అయింది. వాళ్ళిద్దరూ మర్యాదగా ఒక క్షణం మౌనంగా ఉన్నారు. ఆ మౌనంలో బయట మెట్టుమీద ఎవరో సర్దుకుని కూర్చున్న చప్పుడు ఆశకు వినబడింది.

తర్వాత చదువు ప్రశ్నలు మొదలయ్యాయి. ఉప్పదనం, ఆటుపోట్లు, ఋతువుల వెంట తీరం వెంబడి నీళ్ళు దిక్కు మార్చుకోవడం. ఆశ గడగడా చెప్పింది. తెలియనిది తెలియదంది. పొడుగాయన తల ఊపుతున్నాడు. ఆవిడ ముఖంలో ఇష్టం కనబడుతోంది. ఇంకాసేపు ఇలా గడిస్తే చాలు, సీటు చేతికి అందినట్టే.

అప్పుడు పొడుగాయన ఆశ రాసింది పైకి తీసి చూశాడు.

"ఇక్కడ ఒక వాక్యం ఉంది. 'ఊరంతా వెతికింది, కానీ తప్పు దిక్కున వెతికింది' అని రాశారు. మాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం ఇదే. నాకొక సందేహం. మీ నాన్నగారు దొరకనే లేదు కదా. మరి అది తప్పు దిక్కని మీకెలా తెలుసు?"

జయశీల ఎర్రపెన్ను చివరి పేరాను మాత్రమే కొట్టింది. మధ్యలో ఉన్న ఈ వాక్యం ఆవిడకూ కనబడలేదు, ఆశకూ కనబడలేదు. తిరిగొచ్చిన మనిషి చెబితేనే తెలిసే సంగతి అది.

ఆశ నోరు తెరిచింది. అలలు, గాలి, అంచనా అని ఏదో మొదలుపెట్టింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "అంటే తర్వాత లెక్కవేసి ఊహించారా?" అని అడిగాడు. అవునంటే సరిపోతుంది. ఒక్క మాట. ఆయనే దారి చూపిస్తున్నాడు. అవునంటే తండ్రిని ఇంకోసారి, ఈసారి తన నోటితో, ఈ ఇంట్లోనే, అతను వింటుండగా చంపినట్టు. తలుపు సందులోంచి ఉతికిన చొక్కా అంచు కనబడుతోంది.

"లేదు సార్. ఆయనే చెప్పారు," అంది.

"ఎవరు?"

"మా నాన్న. ఉత్తరానికి కొట్టుకుపోయారు. ఒడిశావాళ్ళు కాపాడారు. తిరిగొచ్చారు. ఆ సంగతి నేను రాయలేదు. రాస్తే మీరు సీటివ్వరని భయపడి రాయలేదు."

తెరమీద ఇద్దరూ కదల్లేదు. సిగ్నల్ ఆగిపోయిందేమో అనుకుంది ఆశ. ఆగలేదు. ఆవిడ ముఖంలో ఇందాకటి ఇష్టం మెల్లగా తొలగిపోవడం స్పష్టంగా కనబడింది.

"మీ నాన్నగారు బతికే ఉన్నారా?"

"ఉన్నారు. బయట కూర్చున్నారు."

"ఏది నిజమో మేమెలా నమ్మాలి?" అన్నాడు పొడుగాయన. ఆ గొంతులో కోపంకంటే అలసట ఎక్కువుంది.

"నాన్నా!" అని పిలిచింది ఆశ.

జవాబు లేదు.

"నాన్నా, ఓపాలి లోపలికి రా!"

లేదు. వీధిలో ఐసు రిక్షా వెళ్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తెరమీద వాళ్ళిద్దరూ ఎదురుచూస్తున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆశ లేచి పరుగున వెళ్ళి తలుపు లాగింది.

పోలిరాజు మెట్టుమీదే ఉన్నాడు. తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కూతుర్ని చూసి, వద్దు, లోపలికి పో అన్నట్టు గాభరాగా చెయ్యి ఊపాడు.

"సెప్పీసినాను నాన్నా. రా."

అతను తువ్వాలు తీశాడు. "ఎందుకు సెప్పీసినావమ్మీ?" అన్నాడు దిగులుగా. "ఊపిరి కూడా బిగబట్టుకుని కూకున్నాను కదా."

ఆశ అతని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. ఫోను ముందు నిలబెట్టింది. ఎటు చూడాలో తెలియక అతను కాసేపు బియ్యం డబ్బావైపు చూశాడు. తర్వాత తెరమీద ముఖాలు పోల్చుకుని రెండు చేతులూ జోడించాడు.

"నాను బతికే ఉన్నానండి," అన్నాడు. "నాను ఉన్నానని దానికి సీటు ఆపీకండి."

ఆశ మొదటి మాట ఇంగ్లీషులో చెప్పింది. రెండోది చెప్పలేకపోయింది.

ఆవిడ పోలిరాజుకి నమస్కారం పెట్టింది. మంచిగానే మాట్లాడింది. ఇలా పంపిన దరఖాస్తును ఈ ఏడాది ముందుకు తీసుకెళ్ళడం కుదరదని చెప్పింది. వచ్చే ఏడాది మళ్ళీ రాయవచ్చు, ఎంపిక అవుతుందని మాత్రం ఇప్పుడు చెప్పలేం, అంది. తెర నల్లబడింది.

పోలిరాజు ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. "ఏటన్నారమ్మీ?" అని అడిగాడు.

"నువ్వు బతికున్నందుకు సంతోషమన్నారు నాన్నా."

అతను మిగతాది వినడానికి నిలబడ్డాడు. ఆశ ఫోను తీసి, నేలమీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

"అంతేనా?"

"అంతే నాన్నా."

పోలిరాజు చేతులు దించాడు. కూతురి పక్కనే కూర్చున్నాడు. పోతమ్మ తట్ట దించే వేళ దాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.